టేప్ లైబ్రరీకి సరిపోయే బార్‌కోడ్ లేబుళ్లు ఎలా ఎంచుకోవాలి: ఆర్డర్ పెట్టే ముందు చూసుకోవాల్సినవన్నీ

పోయిన ఎండాకాలం, మధ్యాహ్నం మూడింటప్పుడు అనంతపురం నుంచి ఫోన్. వరసకు తమ్ముడవుతాడు, అక్కడ ఒక ఆఫీసులో సర్వర్లు చూసుకుంటాడు. "అన్నా, కొత్త టేపులు ఇరవై పెట్టినా, లైబ్రరీ ఇరవైనీ వద్దంటాంది, డ్రైవు పోయిందేమో" అని ఒకటే టెన్షన్. టేప్ లైబ్రరీ అంటే బ్యాకప్ టేపులను స్లాటుల్లో పెట్టుకుని, కావాల్సినదాన్ని రోబోతో తీసి, చదివి రాసే డ్రైవులో పెట్టే మిషను. డ్రైవు కొత్తది, ఎల్‌టీవో-9 (ఎల్‌టీవో అనేది బ్యాకప్ టేపుల్లో ఒక రకం, పక్కన అంకె దాని తరం), పెట్టి నెల కూడా కాలేదు. టేపుకు లేబుల్ ఉన్న వైపు ఫొటో తీసి పంపమంటే పంపాడు. కాట్రిడ్జ్, అంటే టేపు ఉండే డబ్బా, ఎల్‌టీవో-8. దాని మీద అంటించిన లేబుల్ చివర మాత్రం ఎల్7 అని ఉంది. అల్మారాలో పాత షీటు మిగిలి ఉంటే అదే అంటించాడంట. "నంబరే కదన్నా, ఏదైతే ఏముందిలే అనుకున్యా" అన్నాడు.

ఏముందంటే, లైబ్రరీలోని రోబోకు స్లాటులో ఉన్న కాట్రిడ్జ్ ఏ తరందో తెలియదు. దానికి తెలిసేది లేబుల్ మీదున్న రాత ఒక్కటే. చివర ఎల్7 అని చదివింది, ఎల్‌టీవో-9 డ్రైవులో ఎల్‌టీవో-7 టేపు పనిచేయదు, అందుకని డ్రైవు దాకా తీసుకుపోకుండానే ఆపేసింది. దాని తప్పేం లేదు. తప్పంతా రూపాయి స్టిక్కరే కదా అనుకోవడంలో ఉంది.

ఇలాంటి ఫోన్లు కర్నూలులో కూర్చున్న నాకు తరచూ వస్తుంటాయి కాబట్టి ఒకసారి మొత్తం రాసి పెడుతున్నా. వరసగా చేసుకుంటూ పోండి. రెండో అడుగూ ఐదో అడుగూ మాత్రం దాటేయకండి, ఎక్కువమంది పడేది అక్కడే.

అడుగు 1: ముందు మీ దగ్గర ఏముందో రాసుకోండి

లైబ్రరీ మోడల్, అందులో ఉన్న డ్రైవుల తరం, మీరు కొన్న లేదా కొనబోయే కాట్రిడ్జ్ తరం, ఈ మూడూ కాగితం మీద పెట్టండి. కాట్రిడ్జ్ తరాన్ని దాని మీద అచ్చయిన అక్షరాలు చూసి రాసుకోండి, రంగు చూసి కాదు. ఒక కంపెనీ ఒక తరానికి వాడిన రంగును ఇంకో కంపెనీ ఇంకో తరానికి వాడుతుంది, ఊదా రంగు అంటే ఫలానా తరం అని బట్టీ పట్టినవాళ్లు బోల్తా పడటం నేను చూశాను.

ఇప్పుడు డ్రైవు ఏ టేపును తీసుకుంటుందో చూడాలి. ఎల్‌టీవో-5, 6, 7 డ్రైవులు తమ తరం కాక రెండు తరాలు వెనక్కి చదువుతాయి, ఒక తరం వెనక్కి రాస్తాయి. అంటే ఎల్‌టీవో-6 డ్రైవు 4ను చదువుతుంది, 5 మీద రాస్తుంది కూడా. తాత టేపును చదివిపెట్టే ఆ మర్యాద 7తోనే అయిపోయింది. ఎల్‌టీవో-8 డ్రైవుకు 7, 8 మాత్రమే. ఎల్‌టీవో-9కి 8, 9 మాత్రమే. 2025లో వచ్చిన ఎల్‌టీవో-10 డ్రైవయితే తన తరం టేపు తప్ప వెనకటిది ఏదీ ముట్టుకోదు. లైబ్రరీలో రెండు తరాల డ్రైవులు కలిసి ఉంటే ఏ టేపు ఏ డ్రైవుకు పోవాలో తేలేది కూడా లేబుల్ చివరి రెండు అక్షరాలతోనే.

అడుగు 2: ఎనిమిది అక్షరాల సంగతి

ఎల్‌టీవో లేబుల్ మీద ఎనిమిది అక్షరాలుంటాయి. మొదటి ఆరూ టేపు పేరు, దాన్ని వోల్సర్ అంటారు. చివరి రెండూ మీడియా ఐడీ. ఎల్‌టీవో-5కు ఎల్5, 6కు ఎల్6, అలా 9కి ఎల్9 దాకా. అన్నీ ఇంగ్లిష్ పెద్దక్షరాలు, అంకెలే ఉండాలి. చిన్నక్షరాలు, డాష్, ఖాళీ ఏవీ పెట్టకూడదు.

ఒకసారి రాస్తే మళ్లీ చెరపలేని వార్మ్ టేపులు కొంటే వాటి అక్షరాలు వేరు: ఎల్‌టీవో-5 వార్మ్‌కు ఎల్‌వీ, 6కు ఎల్‌డబ్ల్యూ, 7కు ఎల్‌ఎక్స్, 8కి ఎల్‌వై, 9కి ఎల్‌జెడ్. మామూలు టేపుకు వార్మ్ లేబుల్ అంటించినంత మాత్రాన అది వార్మ్ అయిపోదు, ఆ గుణం కాట్రిడ్జ్ లోపలి చిప్‌లో ఉంటుంది. లేబుల్ ఒకటి చెప్పి చిప్ ఇంకొకటి చెప్తే డ్రైవు చిప్‌నే నమ్ముతుంది, మీరు ఎర్రర్ల మధ్య మిగిలిపోతారు.

బార్‌కోడ్ రకం కోడ్ 39. మొదట్లో, చివర్లో నక్షత్రం గుర్తు (*) ఒకటొకటి ఉంటుంది, దాన్ని స్కానర్ తనకోసం వాడుకుంటుంది, పేరులో భాగం కాదు. ఇక్కడ ఒక లెక్క చూపిస్తా, ఎందుకంటే చెక్ డిజిట్ (తప్పు చదివితే పట్టుకోవడానికి చివర చేర్చే అదనపు అక్షరం) పెట్టుకోండి మంచిదని సలహా ఇచ్చే ప్రింటింగ్ షాపువాళ్లు చాలామంది ఉన్నారు. కోడ్ 39లో ఒక్కో అక్షరానికి మూడు లావు గీతలు, ఆరు సన్న గీతలు (మధ్య తెల్ల ఖాళీలు కూడా లెక్కే). సన్న గీత 0.43 మి.మీ., లావు గీత దానికి 2.75 రెట్లు అనుకుంటే, అక్షరాల మధ్య సందుతో కలిపి ఒక్కో అక్షరం సుమారు 6.5 మి.మీ. తింటుంది. ఎనిమిది అక్షరాలు, రెండు నక్షత్రం గుర్తులు కలిపి పది, అంటే 65 మి.మీ. అటూ ఇటూ ఐదు మి.మీ. పైచిలుకు తెల్ల జాగా వదలాలి, కలిపితే దాదాపు 76. లేబుల్ పొడవు 78, 79 మి.మీ. ఉంటుంది. సరిగ్గా సరిపోయింది. ఇప్పుడు చెక్ డిజిట్ ఒకటి చేరిస్తే 82 దాటుతుంది. లేబుల్‌లో పట్టదు, పట్టించాలంటే గీతలైనా సన్నబడాలి, తెల్ల జాగా అయినా పోవాలి. రెండిటిలో ఏది జరిగినా స్కానర్ తడబడుతుంది. లైబ్రరీ మాన్యువల్ ప్రత్యేకంగా అడిగితే తప్ప ఎల్‌టీవో లేబుల్‌కు చెక్ డిజిట్ వద్దు.

ఆ తెల్ల జాగాలో పెన్నుతో తారీఖు రాయడం, టిక్ పెట్టడం కూడా ఇందుకే వద్దు. మా దగ్గర ఒకాయన ప్రతి టేపు మీదా ఎర్ర పెన్నుతో "ఓకే" అని రాసేవాడు. ఎర్ర వెలుగుతో చదివే స్కానర్లకు ఎర్ర సిరా పెద్దగా ఆనదు కాబట్టి ఏడాదిపాటు ఏమీ కాలేదు. ఒకరోజు నల్ల పెన్ను దొరికింది, ఆరోజు నాలుగు టేపులు మాయం.

అడుగు 3: ఎం8 అనే మెలిక

చాలామందికి ఇది తెలియదు, తెలిసినవాళ్లు సగం తెలుసుకుని వాడతారు. కొత్త, ఇంకా ఒక్కసారి కూడా రాయని ఎల్‌టీవో-7 కాట్రిడ్జ్‌కు ఎం8 లేబుల్ అంటించి, ఎల్‌టీవో-8 డ్రైవున్న లైబ్రరీలో పెడితే, ఆ డ్రైవు దాన్ని 6 టీబీ బదులు 9 టీబీ టేపుగా తయారు చేసుకుంటుంది. ఎల్‌టీవో-8 టేపు అయితే 12 టీబీ, కానీ ధర ఎక్కువ, అందుకని మధ్యేమార్గంగా ఇది పెట్టారు. అంటే ఇక్కడ లేబుల్ మార్చితే టేపు స్వభావమే మారిపోతుంది.

మారాక వెనక్కి రాదు. ఎల్‌టీవో-7 డ్రైవు దాన్ని ఇక చదవలేదు. ఎల్‌టీవో-9 డ్రైవూ చదవదు. ముందు నుంచీ వెనక నుంచీ దారి మూసేసిన ఇల్లు లాంటిది, లోపలికి పోవడానికి ఎల్‌టీవో-8 డ్రైవు ఒక్కటే తలుపు. మీ దగ్గర ఎక్కడైనా ఎల్‌టీవో-7 డ్రైవు పనిలో ఉన్నా, రెండేళ్లలో 9కి మారే ఆలోచన ఉన్నా ఎం8 లేబుళ్లు కొనకండి. 3 టీబీకి ఆశపడి తర్వాత కాపీలు చేసుకుంటూ రాత్రుళ్లు కూర్చోవాల్సి వస్తుంది.

అడుగు 4: నంబర్లు ఎలా పెట్టుకోవాలి

ఆరు అక్షరాలు మీ ఇష్టం కదా అని అందులో వారం పేరు, డిపార్టుమెంట్ పేరు, నెల అన్నీ కుక్కకండి. సోమవారం టేపు ఎప్పుడో ఒకరోజు గురువారం బ్యాకప్‌కు పోతుంది. అకౌంట్స్ టేపు రేపు ఎక్స్‌రేలకు పోతుంది. పేరు అబద్ధమైపోతుంది.

నాకు నచ్చిన పద్ధతి బండి నంబరుది. పాత రోజుల్లో 21 అంటే కర్నూలు, 02 అంటే అనంతపురం, 04 అంటే కడప. కర్నూలులో రిజిస్టరైన బండి జీవితమంతా కడపలో తిరిగినా 21గానే ఉండేది. (2019 నుంచి రాష్ట్రమంతా కొత్త బండ్లకు 39 వేయడం మొదలుపెట్టాక నంబరు చూసి ఊరు చెప్పే సరదా పోయింది, అది వేరే బాధ.) టేపుకూ అంతే: మొదటి రెండంకెలు ఆ టేపు మొదట ఎక్కడ కొన్నామో ఆ ఊరు, మిగతా నాలుగు వరస నంబరు. 210001, 210002 అలా. ఊరికి 9999 టేపులు, మన జీవితానికి చాలు. ఏ టేపులో ఏముందో సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది, అది లేబుల్ పని కాదు.

అక్షరాలు వాడితే సున్నాకూ ఓ అక్షరానికీ, ఒకటికీ ఐ అక్షరానికీ తేడా తెలిసేలా ఉండనివ్వండి. స్కానర్‌కు గీతలు వేరు కాబట్టి ఇబ్బంది లేదు, ఇబ్బంది ఫోన్లో నంబరు చదివి వినిపించే మనకే. సీఎల్‌ఎన్ అనే మూడక్షరాలతో మాత్రం డేటా టేపు పేరు మొదలుపెట్టకండి. అది క్లీనింగ్ కాట్రిడ్జ్ గుర్తు. ఆ మూడు కనబడితే లైబ్రరీ దాన్ని డ్రైవు తుడిచే టేపు అనుకుంటుంది. క్లీనింగ్ కాట్రిడ్జ్ కొన్నప్పుడు కూడా డేటా లేబుల్ అంటించకుండా సీఎల్‌ఎన్ లేబులే అంటించండి, లేదంటే బ్యాకప్ రాత్రి రెండింటికి దాన్ని లోడ్ చేసి, రాయడానికి చోటు లేక ఆగిపోతుంది.

ఒకే లైబ్రరీలో ఒకే నంబరు రెండు టేపులకు ఉండకూడదని వేరే చెప్పక్కర్లేదు. కానీ లేబుల్ షీటు రెండుసార్లు ఆర్డర్ పెట్టినప్పుడు రెండుసార్లూ 0001 నుంచే అచ్చేసి పంపే షాపులున్నాయి. చివర వాడిన నంబరు ఒక రిజిస్టర్‌లో రాసుకోండి, ఎక్సెల్ షీటు కాకపోయినా నోటు పుస్తకమైనా సరే.

అడుగు 5: మీ బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఎన్ని అక్షరాలు చూస్తుంది?

ఇది నాకు తగిలిన దెబ్బ. ఒకచోట కర్నూలు లైబ్రరీ, అనంతపురం లైబ్రరీ రెండిటినీ ఒకే నెట్‌బ్యాకప్ (ఒక బ్యాకప్ సాఫ్ట్‌వేర్) సర్వర్ కిందికి తెచ్చాం. కర్నూలు టేపు 210001ఎల్8, అనంతపురం టేపు 020001ఎల్8. మనిషి కంటికి రెండూ వేరు. కానీ నెట్‌బ్యాకప్‌లో మీడియా ఐడీ అంటే లేబుల్ చివరి రెండక్షరాలు కాదు, టేపుకు అది పెట్టుకునే పేరు; అది ఆరు అక్షరాలే, మనం ఏమీ చెప్పకపోతే బార్‌కోడ్‌లో చివరి ఆరు తీసుకుంటుంది. చివరి ఆరు ఏంటి? అక్కడ 0001ఎల్8, ఇక్కడా 0001ఎల్8. రెండో లైబ్రరీ ఇన్వెంటరీ (ఏ స్లాటులో ఏ టేపుందో లెక్క) తిప్పగానే గొడవ మొదలైంది. ఊరు చెప్పే రెండంకెలనే అది కోసేసింది, ఎవరికీ అక్కర్లేని ఎల్8ను దాచుకుంది.

దీనికి రెండు మందులున్నాయి. సాఫ్ట్‌వేర్‌లో మీడియా ఐడీ జనరేషన్ రూల్ పెట్టి మొదటి ఆరు అక్షరాలు తీసుకోమనడం ఒకటి. లైబ్రరీ సెట్టింగుల్లోనే హోస్టుకు, అంటే బ్యాకప్ సర్వర్‌కు, ఎన్ని అక్షరాలు పంపాలి, ఎడమ నుంచి లెక్కపెట్టాలా కుడి నుంచా అనే ఆప్షన్ చాలా మోడళ్లలో ఉంటుంది, అక్కడ ఆరు, ఎడమ అని పెట్టడం ఇంకోటి. ఏదో ఒకటే చేయండి, రెండూ కలిపి చేస్తే మూడో రకం గందరగోళం. అన్నిటికంటే ముఖ్యం, మొదటి టేపు మీద మొదటి బ్యాకప్ రాయకముందే చేయండి. వందల టేపులు కేటలాగ్‌లోకి ఎక్కాక ఈ సెట్టింగ్ మార్చితే పాత టేపులన్నీ సాఫ్ట్‌వేర్‌కు పరాయివాళ్లయిపోతాయి. మీ సాఫ్ట్‌వేర్ వేరే ఏదైనా కావచ్చు, కొన్ని ఎనిమిదింటినీ అలాగే తీసుకుంటాయి. ఒక్క టేపు పెట్టి ఇన్వెంటరీ తిప్పి, తెర మీద ఏ పేరు వచ్చిందో చూస్తే తేలిపోతుంది.

అడుగు 6: కొనాలా, మనమే అచ్చేసుకోవాలా

కొనండి. ఇంకో మాట లేదు. ఒక్క లేబుల్ ధర, ఒక టేపు చదవకపోతే మీరు పోగొట్టుకునే రాత్రి, రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.

అయినా నేను ఒకసారి తెలివి చూపించా. తెలిసినవాళ్ల సూపర్ బజారులో ధరల స్టిక్కర్లు కొట్టే థర్మల్ ప్రింటర్ ఉంటే దాంట్లో అచ్చేసుకున్నా. అది అంగుళానికి 203 చుక్కల మిషను, చుక్క 0.125 మి.మీ. సన్న గీతకు నాలుగు చుక్కలిస్తే 0.5 మి.మీ. అయి, మొత్తం పొడవు లేబుల్‌ను దాటిపోయింది. మూడు చుక్కలిస్తే 0.375, పట్టింది, లైబ్రరీ చదివింది కూడా, నేను మీసం తిప్పుకున్నా. మార్చి పోయి మే వచ్చింది. రాత్రిళ్లు ఏసీ ఆపేసే గది, కర్నూలు ఎండలు సంగతి మీకు చెప్పాలా. వేడికి స్పందించే కాగితం కదా అది, తెల్లగా ఉండాల్సిన జాగా బూడిద రంగుకు తిరిగింది, నలుపుకూ తెలుపుకూ తేడా తగ్గింది, జూన్ మొదటి వారానికి సగం స్లాట్లు లేబుల్ లేని టేపులుగా కనబడ్డాయి.

అత్యవసరంగా అచ్చేయక తప్పకపోతే లేజర్ ప్రింటర్, కనీసం 600 చుక్కలది వాడండి. పది చుక్కల సన్న గీత 0.42 మి.మీ. వస్తుంది. మెరవని కాగితం వాడాలి, మెరుపు ఉంటే స్కానర్ వెలుగు తిరిగి కొడుతుంది. ప్రింట్ డైలాగ్‌లో పేజీకి సరిపడా కుదించు అనే టిక్కు తీసేయండి, అది గీతల్ని మీకు తెలియకుండానే సన్నబరుస్తుంది. ఇంక్‌జెట్ వద్దు, తడిచేయి తగిలితే పాకుతుంది.

కొనేటప్పుడు షాపుకు చెప్పాల్సినవి: మీడియా ఐడీ, మొదటి నంబరు, చివరి నంబరు, అంకెలు అడ్డంగా కావాలా నిలువుగా కావాలా. నిలువు అంకెలు ఎందుకంటే కొన్ని లైబ్రరీల్లో టేపులు నిలబెట్టి ఉంటాయి, మనిషి చదవడానికి అవి సుఖం. రంగు రంగుల అంకెలు కూడా మనకోసమే. గీతలు మాత్రం తెలుపు మీద నలుపే ఉండాలి. ఎల్‌టీవో కాకుండా ఐబీఎం 3592 రకం టేపులైతే జేడీ, జేఈ లాంటి వేరే మీడియా ఐడీలుంటాయి, షాపువాడికి ఒట్టి "టేప్ లేబుల్" అని చెప్పి వదిలేయకండి.

అడుగు 7: అంటించడం

కాట్రిడ్జ్ వెనక అంచున, రైట్ ప్రొటెక్ట్ మీట (టేపు మీద రాయకుండా ఆపేది) ఉన్న వైపు, కొద్దిగా లోతుగా తీసిన గాడి ఉంటుంది. లేబుల్ ఆ గాడిలోనే కూర్చోవాలి, అంచు బయటికి తేలకూడదు. తేలిన మూల డ్రైవు లోపల లేచిందంటే కాట్రిడ్జ్ ఇరుక్కుంటుంది, అప్పుడు ఇంజనీరు వచ్చి విప్పేదాకా ఎదురుచూడాలి. ఏది పైకి ఉండాలనేది పనిచేస్తున్న పాత టేపును పక్కన పెట్టుకుని చూసి అంటించండి. చేతికి దుమ్ముంటే కడుక్కోండి. బేతంచెర్ల, కడప రాళ్లు కోసే ఫ్యాక్టరీల దగ్గర ఆఫీసు ఉన్నవాళ్లకైతే ఇది సలహా కాదు, హెచ్చరిక.

పాత లేబుల్ మీద కొత్తది అంటించకండి, మందం పెరుగుతుంది. ఇంకెక్కడా, అంటే పక్కల మీద, పైన, చీటీలు అంటించకండి. డేటా ఉన్న టేపు లేబుల్‌ను అందంగా లేదని మార్చకండి, టేపు లోపల సాఫ్ట్‌వేర్ రాసుకున్న పేరు ఒకటి, బయట బార్‌కోడ్ ఇంకోటి అయితే రీస్టోర్ రోజున ఏడుపే.

అడుగు 8: పరీక్ష

షీటంతా అంటించకుండా ముందు మూడు టేపులకే అంటించి చూడండి. ఫోన్లో బార్‌కోడ్ స్కానర్ యాప్‌తో చదివితే ఎనిమిది అక్షరాలే రావాలి, తొమ్మిది వచ్చాయంటే షాపువాడు చెక్ డిజిట్ దూర్చాడు. ఫోన్ చదివిందని లైబ్రరీ చదువుతుందని హామీ లేదు, కానీ ఫోనే చదవలేకపోతే ఆ షీటు వెనక్కి పంపేయొచ్చు. తర్వాత మెయిల్ స్లాట్‌లో (బయటి నుంచి టేపులు పెట్టే, తీసే చోటు) పెట్టి ఇన్వెంటరీ తిప్పండి, లైబ్రరీ తెర మీద ఒకసారి, సాఫ్ట్‌వేర్‌లో ఒకసారి పేరు సరిచూడండి, లినక్స్ అయితే ఎంటీఎక్స్ స్టేటస్ అనే కమాండ్ కొడితే వాల్యూమ్ ట్యాగ్ (లైబ్రరీ చదివిన లేబుల్ పేరు) కనబడుతుంది. లైబ్రరీ ఆపి మళ్లీ ఆన్ చేసి ఇంకోసారి చూడండి. మూడింటిలో ఒకటే చదవకపోతే లేబుల్ తప్పు. మూడూ చదవకపోయి పాత టేపులు కూడా తడబడుతుంటే స్కానర్ అద్దం మీద దుమ్ము.

ఎల్‌టీవో-9 టేపు మొదటిసారి లోడ్ చేసినప్పుడు డ్రైవు దాన్ని సరిచూసుకోవడానికి సగటున 40 నిమిషాలు, ఎక్కువలో ఎక్కువ 2 గంటలు పడుతుంది. దాన్ని లేబుల్ తప్పనుకుని మధ్యలో బయటికి లాగకండి. ఎండలో వచ్చిన పార్సిల్ అయితే డబ్బా లైబ్రరీ ఉన్న గదిలోనే ఒకరోజు ఉంచి తర్వాత వాడండి.

అనంతపురం తమ్ముడి ఇరవై టేపుల్లో డేటా ఏమీ లేదు కాబట్టి లేబుళ్లు పీకేయమన్నా. గాడిలో మిగిలిన జిగురు తుడిచి, ఎల్8 షీటు తెప్పించి అంటించేసరికి నాలుగు రోజులు పట్టింది. అల్మారాలో మిగిలిన ఎల్7 షీటు ఏం చేశావురా అని అడిగితే, "దాచినా అన్నా, యాడన్నా పనికొస్తాయి కదా" అన్నాడు. కత్తెర తెచ్చుకుని ఫోన్ లైన్లోనే ముక్కలు చేయించా.